టీబీకి పాత మందులు చాలవు

టీబీ మీద ఏ సదస్సు జరిగినా, మార్చి 24న ప్రపంచ క్షయ దినం నాడు ఏ వ్యాసం వచ్చినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘టీబీకి మందులు ఉండనే ఉన్నాయి. చవకగా దొరుకుతాయి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఆరు నెలలు మానకుండా మింగితే జబ్బు నయమవుతుంది. ఇక కొత్త రసాయనాల మీద పరిశోధన అంటూ కోట్లు కుమ్మరించడం దేనికి? ఆ డబ్బు తిండికి పెట్టండి, ఇళ్లకు పెట్టండి, ఉన్న మందులు రోగి నోటిదాకా చేరేలా చూడండి.’ వైద్యులు అంటారు, ప్రజారోగ్య కార్యకర్తలు అంటారు, బడ్జెట్లు రాసే అధికారులూ అంటారు. వినడానికి న్యాయంగా ఉంటుంది. పేదల పక్షాన నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకే దీన్ని ఎవరూ నిలదీయడం లేదు.

ఈ వాదనకున్న బలాన్ని ముందు ఒప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో స్ట్రెప్టోమైసిన్ మందు రాకముందే, దశాబ్దాల తరబడి, క్షయ మరణాలు తగ్గుతూ వచ్చాయి. కూలి పెరిగింది, తిండి మెరుగైంది, ఇళ్లలో ఇరుకు తగ్గింది. మన ఝార్ఖండ్‌లో 2,800 మంది రోగుల కుటుంబాలతో చేసిన ‘రేషన్స్’ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఇంటిల్లిపాదికీ అదనపు ఆహారం అందిన చోట, రోగితో కలిసి బతికేవారికి కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మందులకు లొంగే టీబీలో చికిత్స ఫలిస్తున్నది ప్రపంచం మొత్తం మీద 88 శాతం మందికి. ఇవన్నీ నిజాలే, ఒక్కదాన్నీ కాదనను. వీటి నుంచి ‘కాబట్టి కొత్త మందులు అక్కర్లేదు’ అని తేల్చేయడాన్ని మాత్రం అంగీకరించను. ఆ ముగింపు ఎక్కడెక్కడ తప్పుతోందో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ‘ఉన్న మందులే చాలు’

ముందు ఆ మందుల వయసు చూడాలి. ఐసోనియాజిడ్‌ను 1912లో ప్రాగ్‌లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. అది క్షయ మీద పనిచేస్తుందని లోకానికి తెలిసింది 1952లో. నలభై ఏళ్లపాటు ఆ పదార్థం ఉంది, ఆ జబ్బూ ఉంది. రెండింటినీ కలిపి చూసినవారు లేరు. పైరజినమైడ్ పుట్టింది 1936లో, క్షయ మందుగా గుర్తింపు వచ్చింది మళ్లీ 1952లోనే. ఇథాంబుటాల్ 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పుట్టింది. మన భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూసేదాకా పరిశోధనకు సారథ్యం వహించిన సంస్థ అది. రిఫాంపిసిన్ 1960లలో ఇటలీలోని మిలాన్‌లో తయారైంది. ఈ నాలుగే నేటికీ మన చికిత్సకు ఆధారం. వీటిలో చిన్నదానికే అరవై ఏళ్లు కావస్తోంది.

ఇక్కడే వాదనలోని మొదటి లోపం బయటపడుతుంది. ‘ఉన్నవి చాలు’ అనే మాటను ఏ కాలంలోనైనా అనవచ్చు. 1950లో స్ట్రెప్టోమైసిన్ ఉంది, పాస్ అనే మందు ఉంది. అవి చాలనుకుని ఆగిపోతే ఐసోనియాజిడ్ వచ్చేది కాదు. ఆ మూడింటితో చికిత్స ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. 1960లో అది చాలనుకుంటే రిఫాంపిసిన్ వచ్చేది కాదు, చికిత్స ఆరు నెలలకు దిగేదీ కాదు. ఇప్పుడు ‘ఆరు నెలలు మింగితే చాలు’ అని ధీమాగా చెప్పేవారు, నిన్నటి మందులతో సరిపెట్టుకోని మనుషుల శ్రమఫలాన్నే చేతిలో పట్టుకుని, ఆ శ్రమ ఇక అక్కర్లేదంటున్నారు.

నిజంగానే ప్రపంచం ఒకసారి అలా ఆగిపోయింది. రిఫాంపిసిన్ తర్వాత, పూర్తిగా కొత్త పద్ధతిలో క్షయ క్రిమిని దెబ్బతీసే మందుకు అనుమతి వచ్చింది 2012 డిసెంబరు చివర్లో. అది బెడాక్విలిన్. మధ్యలో నలభై ఏళ్లకు పైగా ఖాళీ. ఆ నలభై ఏళ్లలోనే మందులకు లొంగని మొండి టీబీ ఖండాలు దాటింది. ‘చాలు’ అనుకుంటే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు, ఇప్పటికే ఒకసారి జరిగింది.

2. ‘రోగులు మధ్యలో మానేస్తున్నారు, తప్పు అక్కడుంది’

ఈ మాటలో రోగిపై మోపే నేరం ఉంది. ఆరు నెలలు ఎందుకు పడుతుందో అర్థమైతే ఆ నేరారోపణ నిలవదు. క్షయ బాక్టీరియా చాలా నిదానంగా పెరుగుతుంది. చాలా క్రిములు అరగంటలోపే రెండుగా చీలితే దీనికి దాదాపు ఒక రోజు పడుతుంది. దాని చుట్టూ మైకోలిక్ ఆమ్లాలతో కూడిన మందపాటి కొవ్వు గోడ ఉంటుంది. ఊపిరితిత్తుల్లో జున్నుముద్దలా మారిన కణజాలంలో కొన్ని క్రిములు చలనం లేకుండా నెలల తరబడి పడి ఉంటాయి. ఎదుగుతున్న క్రిమిని ఐసోనియాజిడ్ రోజుల్లో చంపుతుంది, నిద్రాణంగా ఉన్నదాన్ని చంపలేదు. అక్కడికి చేరి పనిచేసే మందు చేతిలో సరిగా లేదు కాబట్టే కోర్సు ఆరు నెలలు సాగుతుంది. చికిత్స ఎన్నాళ్లన్నది మనం వాడే అణువుల స్వభావం నిర్ణయించే విషయం. రోగి క్రమశిక్షణకు దానితో సంబంధం లేదు.

ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయో చూడండి. పొద్దున్నే పరగడుపున, బరువును బట్టి మూడో నాలుగో పెద్ద మాత్రలు. కడుపులో వికారం. మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. పైరజినమైడ్ వల్ల యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లు పట్టేస్తాయి. కొందరికి కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి, అప్పుడు మందులు ఆపి మళ్లీ ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి. రెండు నెలలు తిరిగేసరికి సాయంత్రం జ్వరం పోతుంది, దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. ఒంట్లో బాగున్న మనిషి, కూలికి పోవలసిన మనిషి, తనకు జబ్బు చేసినట్టు అనిపించే మాత్రలను ఇంకో నాలుగు నెలలు మింగాలి. ఎంతోమంది మింగుతున్నారు కూడా. మింగలేనివారిని దోషులనడం కంటే, రెండు నెలల్లో పని ముగించే మందును వెతకడం మేలు.

ఇంకో నిజం కూడా ఈ ఆరోపణను కొట్టేస్తుంది. 2014-16లో మన దేశంలో జరిగిన జాతీయ సర్వేలో, అంతకుముందు ఎన్నడూ క్షయ మందు వాడని రోగుల్లో 11 శాతం మందికి ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి ఉన్నట్టు తేలింది. కనీసం ఒక మందుకైనా లొంగని క్రిమి ఉన్నవారు 22 శాతం పైనే. వీళ్లు ఏ మాత్రా మానేయలేదు, మానేయడానికి వాళ్లకు ఎవరూ మాత్ర ఇవ్వనే లేదు. మొండి క్రిమినే ఎవరి దగ్గునుంచో గాలిలో పీల్చుకున్నారు. 2024 మార్చిలో దేశంలో క్షయ మందుల నిల్వలు అడుగంటి, స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అప్పుడు కోర్సు తెగిన రోగిదీ తప్పేనా?

3. ‘కడుపునిండా తిండి పెడితే జబ్బే ఉండదు’

తిండి పెట్టాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగికి తిండి కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరులో వెయ్యికి పెంచారు, ఇంకా పెంచాలి. దానికోసం పోరాడేవారితో నాకు తగాదా లేదు. తిండిని మందుకు బదులుగా నిలబెట్టేవారితోనే తగాదా.

‘రేషన్స్’ అధ్యయనాన్నే సరిగ్గా చదవండి. అందులో రోగులందరూ మందులు వాడారు. ఆహారం మందుకు తోడుగా అందింది, మందు స్థానంలో కాదు. కుటుంబ సభ్యుల్లో జబ్బు 40 శాతం తగ్గిందంటే 60 శాతం మిగిలిందనే కదా. మిగిలినవారికి ఏమివ్వాలి?

మందులేని కాలంలో మంచి తిండి, విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి ఏం చేయగలిగాయో మన నేల మీదే చూశాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి లాంటి శానటోరియాలు ఆ నమ్మకం మీదే వెలిశాయి. అక్కడి వైద్యుల సేవను తక్కువ చేయను, చేతిలో మందులేని వైద్యులు చేయగలిగిందంతా చేశారు. కానీ కళ్లెలో క్రిమి కనిపించే స్థాయి క్షయకు మందు పడకపోతే, పదిమందిలో సుమారు ఏడుగురు పదేళ్లలో చనిపోతారు. ఆ లెక్కను మార్చింది రసాయన శాస్త్రమే.

అది మద్రాసులోనే రుజువైంది. 1956లో అక్కడ మొదలైన క్షయ చికిత్సా కేంద్రం రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు శానటోరియంలో మంచం, మంచి భోజనం, పూర్తి విశ్రాంతి. రెండో జట్టు ఇరుకిళ్లలో ఉంటూ, అరకొర తింటూ, పనిపాటలు చేసుకుంటూ మందు వాడింది. ఇద్దరికీ ఇచ్చింది ఒకే మందు: ఐసోనియాజిడ్, పాస్. 1959లో ఫలితాలు వచ్చాయి. ఏడాది చివర రెండు జట్లకూ దాదాపు సమానంగా నయమైంది. మంచి మందు పడ్డాక పేదవాడి పూరింట్లో కూడా జబ్బు నయమవుతుందని ఆ అధ్యయనం చెప్పింది. శానటోరియాల యుగాన్ని ముగించింది అదే. ఆస్తీ, తీరికా లేని మనిషికి వైద్యం చేరువ చేసింది ఒక చిన్న కృత్రిమ అణువు. పేదల పేరు చెప్పి అలాంటి అణువుల అన్వేషణను ఆపమనడం ఏం న్యాయం?

ఇక ఇంగ్లండ్ సంగతి. అక్కడ సంపద పెరిగి క్షయ తగ్గడానికి తరాలు పట్టాయి. పైగా ఆనాటి ఇంగ్లండ్ ఎదుర్కొన్న క్రిమికి ఏ మందుకూ లొంగకపోవడం అనే గుణం లేదు. మనకు అన్ని తరాల గడువూ లేదు, అలాంటి క్రిమీ లేదు.

4. ‘మొండి టీబీ కొద్దిమందికే వస్తుంది’

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో ఒక కోటీ ఎనిమిది లక్షల మందికి కొత్తగా క్షయ సోకింది, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. రోగుల్లో నాలుగోవంతు పైన భారతీయులే. రిఫాంపిసిన్‌కు లొంగని జబ్బు ఆ ఏడాది సుమారు 4 లక్షల మందికి వచ్చింది, అందులోనూ నాలుగోవంతు పైగా మనవారే. ఇది ‘కొద్దిమంది’ అయితే, ఎంతమంది అయితే ఎక్కువ?

ఈ రోగులకు నిన్నమొన్నటిదాకా ఇచ్చిన వైద్యం ఏమిటి? ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. మొత్తం పద్నాలుగు వేల దాకా మాత్రలు. మొదటి ఆరేడు నెలలు రోజూ కండలోకి ఇంజెక్షన్. కనామైసిన్, క్యాప్రియోమైసిన్ లాంటి ఆ సూదిమందులు లోపలి చెవిలోని కణాలను చంపుతాయి, చనిపోయిన ఆ కణాలు మళ్లీ పుట్టవు. ప్రాణం దక్కించుకున్నవారిలో ఎందరో చెవుడుతో ఇంటికి వెళ్లారు. అంతా చేసినా సగం మందికి నయం కావడమే గగనంగా ఉండేది.

దక్షిణాఫ్రికాలోని టుగేలా ఫెర్రీ అనే పల్లెటూరి ఆసుపత్రి కథ ఇక్కడ చెప్పాలి. దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ అక్కడ 53 మందికి వచ్చిందని 2006లో ప్రకటించారు. వారిలో 52 మంది చనిపోయారు. కళ్లె పరీక్షకు ఇచ్చిన రోజు నుంచి లెక్కేస్తే సగం మంది పదహారు రోజుల్లోపే పోయారు. వారిలో సగానికి పైగా అంతకుముందు క్షయ మందు ఎరుగనివారు. తర్వాత అదే దేశంలో ‘నిక్స్’ పేరిట ఒక ప్రయోగం జరిగింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్ అనే మూడు మందులను, అలాంటి తీవ్రమైన మొండి టీబీ ఉన్న 109 మందికి ఇచ్చారు. సగం మందికి హెచ్‌ఐవీ కూడా ఉంది. ఆరు నెలల మాత్రలు, సూదిమందు లేదు. 90 శాతం మందికి నయమైనట్టు 2020లో ప్రకటించారు. ఈ మధ్యకాలంలో హెచ్‌ఐవీ మందులు విస్తరించడమూ కలిసొచ్చింది, నిజమే. కానీ 53 మందిలో 52 మంది పోయిన చోటునుంచి పదిమందిలో తొమ్మిదిమంది బతికే చోటుకు తెచ్చింది ప్రధానంగా ఈ మందులే. మూడూ పూర్తిగా ప్రయోగశాలలో కూర్చిన కృత్రిమ సమ్మేళనాలు. వీటికి మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన ఆరు నెలల కోర్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది, మన ఆరోగ్య శాఖ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. ‘కొత్త మందులు అక్కర్లేదు’ అనే మాట 2000లో గెలిచి ఉంటే ఆ మూడింటిలో రెండు నేడు ఉండేవి కావు.

5. ‘కృత్రిమ రసాయనాలు ఒంటికి విషం’

ఈ భయం చదువుకున్నవారిలోనూ ఉంది. ప్రకృతిసిద్ధమైనది మంచిది, ప్రయోగశాలలో చేసింది చెడ్డది అన్న నమ్మకం దీనికి మూలం. క్షయ చరిత్ర ఈ నమ్మకాన్ని తలకిందులు చేస్తుంది. వినికిడి పోగొట్టిన స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్ రెండూ నేలలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు చేసిన పదార్థాలే. ఆ ఇంజెక్షన్ల బాధ తప్పించినవి మనుషులు కూర్చిన కృత్రిమ అణువులు.

కృత్రిమ అణువుకు ఉన్న గొప్ప సుగుణం దాన్ని మార్చగలగడం. లినెజోలిడ్ ఎముక మజ్జను అణచివేస్తుంది, కాళ్ల నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. అందుకే మోతాదు సగానికి తగ్గించి చూశారు, చికిత్స బలం పెద్దగా తగ్గలేదు, బాధలు తగ్గాయి. అదే వర్గంలో మజ్జ జోలికి తక్కువగా పోయే అణువులను ఇప్పుడు పరీక్షిస్తున్నారు. బెడాక్విలిన్ గుండె లయ మీద ప్రభావం చూపుతుంది, నెలల తరబడి ఒంట్లో నిలిచిపోతుంది. దాని నిర్మాణాన్నే సవరించి సోర్ఫెక్విలిన్ అనే తర్వాతి తరం మందును మనుషులపై పరీక్షిస్తున్నారు. ఒక మందులో లోపం కనిపిస్తే చేయవలసిన పని ఇది. లోపం చూపించి పరిశోధనే వద్దనడం, జబ్బును దాని మానాన వదిలేయడమే.

6. ‘ఎన్ని కొత్త మందులు తెచ్చినా నిరోధకత వస్తుంది కదా’

వస్తుంది. బెడాక్విలిన్‌కు లొంగని క్రిములు ఇప్పటికే కనిపిస్తున్నాయి. ఈ వాదనలో ఉన్న నిజం అంతవరకే. అక్కడినుంచి ‘కాబట్టి శ్రమ వృథా’ అనడం చరిత్రను సగం చదవడం.

1948లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. ఆరు నెలలకు మందు పడిన 55 మందిలో నలుగురు, పడని 52 మందిలో 14 మంది చనిపోయారు. అద్భుతం అనుకున్నారు. ఐదేళ్ల తర్వాత లెక్క చూస్తే మందు వాడినవారిలో 32 మంది, వాడనివారిలో 35 మంది లేరు. మందు ఒంటరిగా పోరాడి ఓడిపోయింది. కారణం గణితంలో ఉంది. ఊపిరితిత్తిలో పడిన ఒక గుహలో పది కోట్లకు పైగా క్రిములు ఉండొచ్చు. ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటి దానంతటదే పుడుతుంది. ఒకే మందు ఇస్తే ఆ ఒక్కటి మిగిలి పెరుగుతుంది. రెండు మూడు మందులు కలిపి ఇస్తే, అన్నింటికీ ఒకేసారి లొంగని క్రిమి పుట్టే అవకాశం దాదాపు లేదు. స్ట్రెప్టోమైసిన్‌కు పాస్ తోడైన రోజునే క్షయ చికిత్స నిలదొక్కుకుంది. అంటే ఒక మందుకు నిరోధకత వస్తే దానికి జవాబు ఇంకో కొత్త మందు. మందుల వరస ఎండిపోయిన చోటే నిరోధకత గెలుస్తుంది.

అందుకే వరసను నిండుగా ఉంచాలి. క్రిమి గోడ కట్టుకోవడానికి అవసరమైన డీపీఆర్‌ఈ1 అనే ఎంజైమును అడ్డుకునే అణువులు మనుషులపై పరీక్షల దశకు చేరాయి. బోరాన్ మూలకాన్ని ఒంట్లో ఇముడ్చుకున్న గాన్ఫెబోరోల్ క్రిమి ప్రొటీన్లు తయారుచేసుకునే పనికి అడ్డం పడుతుంది. పాత మందులేవీ తాకని చోట్లను తాకేవి ఇవి. వీటిలో కొన్ని విఫలమవుతాయి. అందుకే ఎక్కువ కావాలి.

7. ‘ఆ ధర మనం భరించలేం, లాభం కంపెనీలకే’

ఈ ఆరోపణకు నేను సగం మద్దతు ఇస్తాను. బెడాక్విలిన్ అభివృద్ధిలో కంపెనీ పెట్టిన దానికంటే ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు పెట్టిన సొమ్మే ఎక్కువని పరిశోధకులు లెక్కగట్టారు. అయినా గుత్తాధిపత్యం కంపెనీదే అయింది. అది అన్యాయం. ఆ అన్యాయానికి పరిష్కారం పేటెంటు మీద పోరాడటం, మందు వద్దనడం కాదు. ఆ పోరాటం ఇక్కడే జరిగి గెలిచింది. క్షయ చికిత్సలో వినికిడి కోల్పోయిన ఇద్దరు యువతులు, ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే, కంపెనీ అడిగిన అదనపు పేటెంటును వ్యతిరేకిస్తూ 2019లో మన పేటెంటు కార్యాలయం మెట్లెక్కారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తును కార్యాలయం తిరస్కరించింది. అదే ఏడాది జులైలో అసలు పేటెంటు గడువు తీరింది, మన కంపెనీల జనరిక్‌లకు దారి తెరుచుకుంది. పేద దేశాలకు 2020లో 340 డాలర్లున్న ఆరు నెలల కోర్సు 2023లో 130 డాలర్లకు దిగింది.

ప్రెటోమానిడ్ దారి ఇంకా భిన్నం. దాన్ని చివరిదాకా మోసింది టీబీ అలయన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ. 2019లో అమెరికా అనుమతి వచ్చేసరికి ఆ మాత్ర తయారీ బాధ్యత మైలాన్ సంస్థ తీసుకుంది, మాత్రలు హైదరాబాద్ చిరునామాతోనే లోకానికి వెళ్లాయి. కొత్త మందు అంటే తప్పనిసరిగా ఖరీదైన మందు అనే సూత్రం ఎక్కడా లేదు. ప్రజాధనంతో పుట్టిన మందు ప్రజలకు అందే ధరకే దొరకాలని షరతు పెట్టే ధైర్యం ప్రభుత్వాలకు ఉండాలి.

8. ‘అది విదేశీ ప్రయోగశాలల పని’

ఈ మాట వినలేను. ప్రెటోమానిడ్ వంశవృక్షం మొదలయ్యేది ముంబయిలోని గోరేగావ్‌లో. అక్కడి హిందుస్థాన్ సీబా-గైగీ పరిశోధన కేంద్రంలో కె. నాగరాజన్ బృందం 1980లలో నైట్రోఇమిడజోల్ వర్గపు అణువులను కూర్చింది. వాటిలో సీజీఐ-17341 అనేది మొండి క్షయ క్రిమిని సైతం చంపింది. కానీ అది జన్యువుల్లో మార్పులు తెస్తోందని తేలి పక్కన పెట్టేశారు. చాలా అణువుల కథ అక్కడితో ముగుస్తుంది. దీని కథ ముగియలేదు. అమెరికాలోని పాథోజెనెసిస్ సంస్థ రసాయన శాస్త్రవేత్తలు ఆ అణువులోని ఐదు భుజాల వలయాన్ని ఆరు భుజాలది చేశారు, దానికి ఒక పొడవైన తోక తగిలించారు. అలా మూడు వందలకు పైగా రూపాలు తయారుచేస్తే ఒకటి మిగిలింది: క్రిమిని చంపింది, జన్యువుల జోలికి పోలేదు. అదే ప్రెటోమానిడ్. 2000లో దాన్ని ప్రకటించారు. ఆ తర్వాత జపాన్‌లోని ఒత్సుకా సంస్థ మళ్లీ ఐదు భుజాల వలయానికే వెళ్లి, హాని లేని డెలామానిడ్‌ను సాధించింది. గోరేగావ్‌లో వదిలేసిన ఒక ఆలోచన నుంచి రెండు మందులు వచ్చాయి, రెండూ ఇతరుల చేతుల్లో వచ్చాయి. ఆ పనిని కొనసాగించే వ్యవస్థ మన దగ్గర ఉండి ఉంటే?

ఇలాంటిదే మళ్లీ జరిగింది. బెంగళూరులో ఆస్ట్రాజెనెకా 2003లో క్షయ పరిశోధన కేంద్రం తెరిచింది, 2014లో మూసేసింది. అక్కడ పుట్టిన అజాఇండోల్ వర్గపు టీబీఏ-7371 మాత్రం ఇతరుల అండతో మనుషులపై పరీక్షలదాకా వెళ్లింది. 2008లో ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ మొదలుపెట్టిన ఉమ్మడి ఔషధాన్వేషణ ఎంతో ఆశ రేపింది, ఆ ఉత్సాహం అదే స్థాయిలో నిలవలేదు.

తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, జీనోమ్ వ్యాలీ ఉంది. జీడిమెట్ల నుంచి పరవాడ దాకా ప్రపంచానికి మందు పదార్థాలు వండే ఫ్యాక్టరీలున్నాయి. కెమిస్ట్రీలో ఎంఎస్సీ చేసిన వేలమంది పిల్లలు విదేశీ కంపెనీలు పంపిన నిర్మాణాలను రోజూ ఫ్యూమ్‌హుడ్ ముందు నిలబడి కూర్చి, శుద్ధి చేసి, గ్రాముల లెక్కన పంపిస్తున్నారు. క్యాన్సర్‌కూ మధుమేహానికీ అణువులు కూర్చే ఆ చేతులకు క్షయ అణువు కూర్చడం రాదా? వచ్చు. డబ్బు పెట్టేవారు లేరు, అంతే. క్షయ పరిశోధన మీద 2022లో ప్రపంచమంతా కలిసి ఖర్చు చేసింది సుమారు వంద కోట్ల డాలర్లు. 2027 నాటికి ఏటా ఐదు వందల కోట్లు పెడతామని ఐక్యరాజ్యసమితి వేదిక మీద దేశాలు ఒప్పుకున్నాయి. ఎక్కువమంది రోగులున్న దేశం మనదే కాబట్టి ముందుకు రావలసింది మనమే.

కాబట్టి

2025 నాటికి క్షయను అంతం చేస్తామన్నాం. 2015తో పోల్చి కొత్త కేసులను 80 శాతం తగ్గించాలన్నది ఆ మాటకు అర్థం. 2023 నాటికి తగ్గింది 18 శాతం. ప్రపంచ సగటుతో పోలిస్తే ఇది మెరుగే. ఉన్న పనిముట్లతో ఎంత గట్టిగా పనిచేస్తే ఎంత వస్తుందో చూపింది కూడా ఇదే. ఆశా కార్యకర్తలను ఇంకా పరిగెత్తించి, రోగులను ఇంకా దబాయించి మిగతా 62 శాతాన్ని తేలేం.

ఈ దేశం చేయవలసిన పనులు స్పష్టంగా ఉన్నాయి. రెండు నెలల్లో ముగిసే, కాలేయాన్ని కాపాడే, మెదడు పొరల క్షయలోనూ సరిపడా చేరే మందుల కోసం దీర్ఘకాలిక జాతీయ కార్యక్రమం కావాలి. ఒక్కో ప్రాజెక్టుకు మూడేళ్ల నిధి ఇచ్చి మర్చిపోయే పద్ధతి ఇక వద్దు. జంతువుల మీద ఫలించి డబ్బు లేక ఆగిపోయిన అణువులను ఎత్తుకుని మనుషులపై పరీక్షల దాకా నడిపించే ప్రభుత్వ సంస్థ కావాలి. ప్రజాధనం పడిన ప్రతి మందుకూ బహిరంగ లైసెన్సు తప్పనిసరి చేయాలి. కొత్త మందు ఇచ్చే ప్రతిచోటా, అది ఆ క్రిమి మీద పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష ముందే అందుబాటులో ఉండాలి. లేకపోతే బెడాక్విలిన్‌నూ రిఫాంపిసిన్ దారిలోనే పోగొట్టుకుంటాం. ఇవన్నీ చేస్తూ పోషణ బడ్జెట్‌లో ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. తిండికీ మందుకూ మధ్య పోటీ పెట్టినవారు బడ్జెట్లు రాసేవారు, రోగులు కాదు.

రెండింటినీ అడగాలి, రెండింటినీ సాధించాలి. ఒకటి ఇస్తాం, రెండోది అడగొద్దు అనేవారి మాటను ఏ పేరుతో వచ్చినా తిప్పికొట్టాలి. క్షయ రోగికి అన్నం ఎంత హక్కో, ఆమె ఒంట్లోని క్రిమిని చంపగల మందూ అంతే హక్కు. ఆ మందు ఇంకా పుట్టకపోతే, దాన్ని పుట్టించడం ప్రభుత్వం బాధ్యత.